ధనాగారానికి కొత్త ముద్ర

అది ఏ రాజ్యమో చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు గనుక, ఒకానొక రాజ్యం అనుకుందాం. దాన్ని కీర్తివర్ధనుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే తన ముఖమంటే తనకు మహా ప్రీతి.

ఆ రాజ్యంలో ఊరూరా ధనాగారాలుండేవి. వర్తకుడు ఒక ఊళ్ళో సొమ్ము దాచుకుంటే, చీటీ మీద లక్క కరిగించి ముద్ర వేసి ఇచ్చేవారు. ఆ చీటీ చూపిస్తే ఏ ఊళ్ళోనైనా సొమ్ము చేతికొచ్చేది. ముద్రలో ఉన్నది ధాన్యం కొలిచే తవ్వ. అది రాజుగారి తాతగారు పెట్టించినది. తండ్రిగారు దాని పైన శిఖరంలా ధాన్యం కుప్ప చేర్పించారు. చదువు రానివాళ్ళు కూడా చూడగానే పోల్చుకునేవారు.

కీర్తివర్ధనుడికి అది నచ్చలేదు. ముద్రలు చెక్కే నాగోజును పిలిపించాడు.

"రాజముద్రలో తవ్వేమిటయ్యా? నా ముఖం ఉండాలి. కిరీటం, మీసం, గొడుగు, అటో ఏనుగు, ఇటో ఏనుగు, చుట్టూ నా బిరుదులు."

"ప్రభూ, ముద్ర చూస్తే బొటనవేలంత. ఇన్ని చెక్కితే లక్కలో ఏదీ తేలదు."

"తేలకపోతే తప్పు నీదే. ఉలి ఇక్కడ పెట్టి ఊరు విడిచి పోదువుగాని."

నాగోజు ఇంటికి పోలేదు. సరాసరి ఆస్థాన విదూషకుడు మాచన దగ్గరికి వెళ్ళి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఆయన చెప్పినవాటిలో ఒక్కటీ వదలకుండా చెక్కు నాగోజూ. తర్వాత సంగతి నేను చూసుకుంటా" అన్నాడు మాచన.

ముద్ర సిద్ధమయ్యాక మాచన నాగోజును వెంట తీసుకుని, రెండు చీటీలు పళ్ళెంలో పెట్టుకుని సభకు వచ్చాడు.

"ప్రభూ, ఒకటి నాగోజు ముద్ర, ఒకటి నేను వేసినది. తమరి ముఖం ఎందులో బాగా వచ్చిందో సెలవివ్వండి."

రెండింటి నిండా బొడిపెలే. అయినా రాజుగారి ముఖం కనబడలేదని అనేదెవరు? ప్రధానమంత్రి ముందుకు వంగి, రెండోదానిలో రాజకళ ఉట్టిపడుతోందన్నాడు.

రాజు కూడా దాన్నే చేతిలోకి తీసుకున్నాడు. "నిజమే. ఇదిగో కిరీటం, ఇదిగో మీసం. ఏనుగులైతే నడిచొస్తున్నట్టే ఉన్నాయి. దేనితో చెక్కావు మాచనా?"

మాచన నడుముకు కట్టుకున్న మూట విప్పి, పనస తొక్క ముక్కొకటి పళ్ళెంలో పెట్టాడు.

"చెక్కలేదు ప్రభూ. పండు తిన్నాక తొక్క మిగిలితే, దాన్నే లక్క మీద నొక్కాను."

ప్రధానమంత్రి తలపాగా సర్దుకున్నాడు.

"ఈ ముద్రే ఖాయమైతే, రేపు పెరట్లో పనసచెట్టున్న ప్రతివాడూ చీటీ పట్టుకుని ధనాగారానికి వస్తాడు. దొంగముద్ర అని వాణ్ణి పొమ్మనే ధైర్యం ఎవరికుంటుంది? తమరే ఒప్పుకున్న ముద్ర కదా!" అన్నాడు మాచన.

రాజు ముఖం ముందు ఎర్రబడింది. ఆ తర్వాత తొక్కకేసి చూసి, చూసి, పగలబడి నవ్వాడు.

"అయితే నా గుర్తు ఎక్కడా ఉండొద్దంటావా?"

"తవ్వను చూసి వర్తకులు 'ఇది మా రాజుగారిది, సొమ్ముకు భయం లేదు' అంటున్నారు. అంతకన్నా మంచి గుర్తు ఏముంది ప్రభూ?"

రాజు తల పంకించి, "తవ్వే ఉండనీ. నీకేం కావాలో కోరుకో" అన్నాడు.

"నాగోజుకు ఇప్పించండి. చెక్కినది ఎటూ పనికిరాలేదు. ఇకమీదట చెక్కకుండా ఉన్నందుకైనా ఏదో ఒకటి ఇవ్వాలి."

రాజు మళ్ళీ నవ్వి, తన కంకణం తీసి నాగోజు చేతికి తొడిగాడు. మాచనకు పట్టుశాలువా కప్పి, "ఇకనుంచి నువ్వు పనసపండు తిన్నప్పుడల్లా తొక్క తెచ్చి ఖజానాలో అప్పగించాలి. నీ దగ్గర ఉంటే నాకు నిద్ర పట్టదు" అన్నాడు.