చుక్క కారని పెట్టె

ఇస్మాయిల్ మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు వాళ్ల చేతిలో ఏదో ఒక పనిముట్టు పెడతాడు. ఆదోనిలో ముప్పై ఏళ్లు ఐటీఐ పిల్లలకు ఫిట్టరు పని నేర్పి రిటైరైన మనిషి. జవాబును నోటితో చెప్పి సరిపెట్టడం ఆయనకు ఎన్నడూ రుచించలేదు. అందుకే ఏప్రిల్‌లో ఒక పొద్దున నీలవేణి ఆయన షెడ్డులోకి వచ్చి, కూర్చోనైనా కూర్చోకుండా, "సార్, నా మాటలో ఎక్కడా తప్పు లేకపోయినా అది మనుషులకు ఎందుకు ఎక్కదు?" అని నిలదీస్తే, ఆయన ఒక స్పానరూ ఒక తెల్ల టేపు చుట్టా ఆమె చేతిలో పెట్టి, "పైపు సిద్ధంగా ఉంది, పద" అన్నాడు.

ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. నీలవేణి, ఆమెతో డిగ్రీ చదివిన రత్నకుమారి కలిసి ఆ షెడ్డులోనే నారు పెంచుతున్నారు. కొంత మట్టిలో, కొంత మాస్టారు నేర్పిన ఏరోపోనిక్స్ పద్ధతిలో. అందులో మట్టి ఉండదు. మూత వేసిన పెట్టెలో వేళ్లు గాలికి వేలాడుతుంటాయి, కింద పైపుకు బిగించిన నాజిళ్లు వాటి మీద నీటిని మంచులా చిమ్ముతుంటాయి. కిందటి వారం నారు పని నేర్చుకోను కొత్తగా చేరిన ఆడవాళ్ల ముందు నీలవేణి, ఇకమీదట నారంతా పెట్టెల్లోనే పెంచుదామంది. రత్న ఒక్క మాట అడిగింది. కాలేజీలో మూడేళ్లు డిబేట్లలో ఓటమి ఎరగని నీలవేణి దానికి ఏడు జవాబులు చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. రత్న లేచి, "నువ్వే గెలిచినావులే వేణీ" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నాలుగు రోజులైంది, మళ్లీ రాలేదు.

రత్న విత్తనం నుంచి పెంచిన పన్నెండు టమాటా మొక్కలు మాత్రం షెడ్డులోనే ఉన్నాయి. నీలవేణి ఆలోచన ఒక్కటే. ఎక్కడా చుక్క కారని పెట్టె ఒకటి తయారుచేసి, అందులో ఆ మొక్కలను నిలబెట్టి, సాయంత్రానికి రత్నకు ఫొటో పంపాలి. అది చూశాక ఆమెకు రాననడానికి మాటే మిగలకూడదు.

పని చిన్నదే. పైపుకు వేసిన రంధ్రాల్లో ఇత్తడి నాజిళ్లను మర తిప్పి బిగించాలి. నాజిల్ కన్ను సూదిమొన దూరేంత ఉంటుంది. మర సందుల్లోంచి నీళ్లు కారకుండా దాని చుట్టూ తెల్ల టేపు చుడతారు. మాస్టారు తన వంతు నాలుగు నాజిళ్లకూ రెండేసి చుట్లు చుట్టి, లోపలికి పోయే కొసన ఒక మరను ఖాళీగా వదిలేసి బిగించాడు. నీలవేణి తన ఎనిమిదింటికీ ఎనిమిది తొమ్మిది చుట్లు చుట్టింది, మరలన్నీ మునిగి, టేపు కొస దాటేదాకా.

"చాల్లే పాపా" అన్నాడు మాస్టారు.

"సార్, ఒకటి, తక్కువైతే కారుతుందని మీరే చెప్పినారు. రెండు, ఎక్కువైతే కారుతుందని ఎవరూ చెప్పలేదు. మూడు..."

"మూడోది వద్దులే తల్లీ. చుట్టుకో."

మోటారు వేస్తే పన్నెండు నాజిళ్లూ చక్కగా మంచు చిమ్మాయి. మాస్టారు బిగించిన వాటిలో ఒకదాని మొదలు దగ్గర మాత్రం చుక్క చుక్కగా కారింది.

"సార్, మీదే కారుతోంది! ముప్పై ఏళ్ల ఫిట్టరు!"

"కారనీ."

"ఇంకో నాలుగు చుట్లు వేసి బిగించనా?"

"దాని జోలికి పోవద్దు."

మొక్కలను మూతలోని గుంటల్లో నిలిపి, ఐదు నిమిషాలకోసారి అర నిమిషం మోటారు తిరిగేలా టైమరు పెట్టారు. మాస్టారు మధ్యాహ్నం నమాజుకు పోయి, అటే ఇంట్లో అన్నం తిని, మూడింటికి తిరిగొచ్చేసరికి నీలవేణి పెట్టె ముందు నిలబడి ఉంది. మాస్టారి వైపు నాలుగు మొక్కలూ నిటారుగా ఉన్నాయి. ఆమె వైపు ఎనిమిదిలో ఐదు తలలు వేలాడేశాయి.

"మోటారుకు బలం చాలలేదు సార్. లేకపోతే టైమరు తప్పు. రత్న కూడా ఈ నారును కాస్త నాజూకుగా పెంచిందేమో..."

"ముందు వేళ్లు తడుపు. కారణాలు తర్వాత."

మూత ఎత్తి, చెంబుతో నీళ్లు పోస్తూ చూసింది. ఐదు నాజిళ్ల నుంచి మంచు రావడం లేదు. మాస్టారు ఒకదాన్ని విప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. నాజిల్ కంటికి అడ్డంగా లోపల తెల్లటి టేపు పీలిక. కొస దాటిన టేపు మర తిరిగేటప్పుడు తెగి, నీళ్లతోపాటు కదిలి కదిలి అక్కడ కూర్చుంది. తక్కిన నాలుగూ అంతే.

"ఇది పొద్దున్నే చెప్పొచ్చు కదా సార్!"

"చెప్దామంటే మూడోది వస్తా ఉండె."

నీలవేణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మాస్టారు కారుతున్న తన నాజిల్ వైపు చూపించాడు. "పొద్దుట్నుంచి కారింది కదా, ఆ నీళ్లు యాడికి పోయినాయి?"

ఆమె వంగి చూసింది. పెట్టె అడుగున పడిన చుక్కలు వాలు వెంట జారి, మోటారు తోడుకునే తొట్టిలోకే చేరుతున్నాయి.

"తొట్టిలోకే సార్. బయటికి ఒక్క చుక్కా పోలేదు."

"మరి దేనికి భయపడి అన్ని చుట్లు చుట్టినావు?"

నీలవేణి స్పానరు అందుకుంది. ఐదు నాజిళ్లనూ శుభ్రం చేసి, రెండేసి చుట్లు చుట్టి, కొసమర వదిలి బిగించడం మొదలుపెట్టింది. రెండోది తిప్పుతుండగా మాస్టారు మామూలుగా అడిగాడు.

"రత్న ఆ రోజు ఏమడిగింది?"

"కరెంటు పోతే ఎట్ల అని సార్. నేను ఇన్వర్టరు సంగతి చెప్పినా. దాని బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో చెప్పినా. రెండో మోటారు..."

"నువ్వు చెప్పింది కాదు. ఆమె అడిగింది."

స్పానరు ఆగింది. తను చెప్పిన ఏడూ వరసగా, తడబడకుండా గుర్తొస్తున్నాయి. రత్న మాటను మాత్రం తవ్వుకుని తీయవలసి వచ్చింది.

"కరెంటు పోయిన రోజు పరిగెత్తుకొచ్చి ఈ వేళ్లు తడిపేదెవరు వేణీ, అనింది."

ఆ మాట పైకి అన్నాక గానీ అది ఆమెకే వినబడలేదు. నీలవేణి ఇల్లు ఊరికి ఆ చివర, బస్సెక్కి రావాలి. రత్న ఇల్లు షెడ్డుకు రెండిళ్ల అవతల. ఇంట్లో మంచం పట్టిన నాయనమ్మను ఎత్తి కూర్చోబెట్టేదీ, అన్నం పెట్టేదీ రత్నే. ఏడు జవాబుల్లో ఒక్క మనిషి పేరు లేదు.

మిగతా నాజిళ్లను ఆమె బిగించింది. మోటారు వేస్తే అన్నీ మంచు చిమ్మాయి. ఒకటి కొద్దిగా కారింది. చూసి, వదిలేసింది. పొద్దు వాలేసరికి ఐదు మొక్కల్లో నాలుగు తల ఎత్తాయి. ఐదోది ఎత్తలేదు. దాన్ని తీసి, వేళ్లకు తడిగుడ్డ చుట్టి చేతిలో పట్టుకుంది.

"రత్న ఇంటికి పోయొస్తా సార్. ఇది పోయిందని నేనే చెప్పాల." గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఇది చూసి ఆమె ఏమంటుంది? దానికి నేను ఏం చెప్పాల?"

మాస్టారు చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏమంటుందో నాకెట్ల తెలుస్తుంది పాపా? నీకూ తెలీదు. పోయి ఆమె దగ్గర కూచో."