కోతపడిన ఒడ్డు

చిదానందయ్యగారికి ఒక అలవాటు ఉండేది. దుఃఖంలో ఉన్నవాడు అడిగిన ప్రశ్నకు ఆయన కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కారు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకొని ఎక్కడికో ఒకచోటికి బయలుదేరేవారు.

ఆయన శిష్యులలో గన్నియ్య అనే లంకరైతు ఒకడు. గోదావరి నడుమ లంకలో అతనికి కాస్త నేల ఉండేది. ఆ నేల అంచున, రెల్లుదుబ్బుల మధ్య, ఐదేళ్ళైనా నిండకుండా జ్వరంతో పోయిన కూతురు మాణిక్యాన్ని పాతిపెట్టుకున్నాడు. పసిబిడ్డలను కాల్చరు, మట్టికి అప్పగిస్తారు. అది అక్కడి ఆచారం. ఏటేటా వరద ఒడ్డును కోసుకుంటూ ఆ చోటును సమీపిస్తూ ఉంటే, గన్నియ్యకు కంటిమీద కునుకు లేకపోయింది. పడవలమీద కొండరాళ్ళు తెప్పించాడు. వాటిని పేర్చడానికి అడ్డమని రెల్లును వేళ్ళతో సహా పెరికివేశాడు. వద్దని వారించిన పక్కరైతును, "గడ్డిపోచలు గోదారిని ఆపుతాయా?" అని ఎగతాళి కూడా చేశాడు.

భాద్రపదంలో వరద వచ్చింది. వేళ్ళ పట్టు తప్పిన ఇసుకనేల రాళ్ళ బరువును మోయలేకపోయింది. ఒడ్డు నిలువునా విరిగి, రాళ్ళతోనూ, బిడ్డ పడుకున్న చోటుతోనూ కలిసి నీటిలోకి జారిపోయింది. రెల్లు పెరకని పక్కరైతు ఒడ్డు మాత్రం నిలిచే ఉంది.

వరద తగ్గిన తరువాత గన్నియ్య వచ్చి గురువుగారి ముందు కూలబడ్డాడు.

"అయ్యా, నా బిడ్డను నేను నీటికి ఇవ్వలేదు, గాలికి ఇవ్వలేదు. భూమికి అప్పగించాను. భూమి ఎందుకు దాచలేకపోయిందండీ? నా చేతులే దాన్ని తోసేశాయా?"

చిదానందయ్యగారు లేచి, పైపంచె సవరించుకున్నారు.

"దోనె ఉందా?"

"ఉందండి."

"పద."

దిగువకు చాలాదూరం పోయాక, నిరుడు పడవలు నడిచిన చోట కొత్తగా వరదమన్ను మేట వేసి ఉంది. దానిమీద పోలమ్మ అనే ఆడమనిషి, చీర ఎగగట్టి, ఆ తడిమట్టిలో పెసలు చల్లుతోంది. గురువుగారు వంగి గుప్పెడు ఒండ్రు తీసి గన్నియ్య చేతిలో పెట్టారు.

"ఇది ఎక్కడిది?"

"ఎక్కడిదని చెప్పనండీ? ఎగువ కొండల రాయి అరిగిన ఇసుక ఉంది. ఏ అడవిలోదో కుళ్ళిన ఆకు ఉంది. ఏ పొలంలోదో నల్లమన్ను ఉంది." మాట్లాడుతూ ఉండగానే గాలికి ఎక్కడినుంచో రెల్లుదూది ఎగిరివచ్చి, ఆ తడిమట్టికి అంటుకుంది. గన్నియ్య దాన్ని దులపలేదు.

"ఓ రాళ్ళ గన్నియ్యా!" అని పోలమ్మ కేక వేసింది. "గింజల మీద నిలబడ్డావు, కాలు తియ్యవయ్యా! నిరుడు ఇక్కడ ఏనుగు మునిగేటంత నీళ్ళు. ఈ ఏడు నా పిల్లల కడుపుకని ఇంత మన్ను తెచ్చిపోసింది గోదారమ్మ. ఎవరి ఒడ్డు కోసి తెచ్చిందో మరి!"

అని నవ్వబోయి, అతని ముఖం చూసి ఊరుకుంది. ఆమెకు సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది కాబోలు, ఒడిలోని గింజలు పట్టుకొని తల వంచుకుంది.

గన్నియ్య చేతిలోని మట్టిని పారవేయలేకపోయాడు, పట్టుకోనూ లేకపోయాడు. కాళ్ళ కిందికి చూసుకున్నాడు. మేట అంతా అతని అడుగుల గుంటలు పడి, వాటిలో నీరు ఊరుతోంది.

"అయ్యా," అన్నాడు. "నా చిట్టితల్లి ఇందులో ఉందా?"

చిదానందయ్యగారు నీటివైపు చూశారు. ఆయన కళ్ళు కూడా తడిసి ఉన్నాయి.

"నాకు తెలియదు, నాయనా," అన్నారు. "మెల్లగా అడుగు వెయ్యి."