ఈరమ్మ కొంగు కింద ఏముంది

కోనప్పకు ఈరమ్మ మీద అనుమానం పట్టుకుంది. పట్టుకుంటే వదిలే మనిషి కాదు అతను.

సిద్ధప్ప తాత మఠం కొండ మీద ఉండేది. జబ్బుపడిన పసిబిడ్డలను, నెలలు నిండకుండా పుట్టినవాళ్లను చుట్టుపక్కల పల్లెలవాళ్లు అక్కడికి ఎత్తుకొచ్చేవాళ్లు. వాళ్లకోసం మఠం పక్కన ఒక పెంకుటిల్లు. ఉయ్యాలిల్లు అనేవాళ్లు దాన్ని. ఆ బిడ్డలను సాకే మనిషి ఈరమ్మ. కొట్టుగది తాళాలు కోనప్పవి. తాతకు పెద్ద శిష్యుడు. ఇరవై ఏళ్లుగా ఒక్క గింజ పోనిచ్చి ఎరగడు.

ఒకనాడు కోనప్ప కాళ్లు కడుక్కోకుండా ఉయ్యాలింట్లో అడుగుపెట్టినాడు. ఈరమ్మ అందరి ముందూ, "ఇది నీ కొట్టు కాదన్నా, బయటికి నడువు" అనింది. ఇంకొకడైతే మరిచిపోయి ఉండును. కోనప్ప తిన్న అన్నమైనా మరుస్తాడు గానీ పడిన మాట మరవడు. వారం తిరక్కముందే ఆమె వచ్చి, గడప దగ్గర పెట్టుకోవడానికి ఒక కుంపటి, నాలుగు బొగ్గులు అడిగింది. వంటింట్లో పొయ్యి మండుతానే ఉంది, ఇంకో నిప్పు దండగ అని చెప్పి తలుపు మూసినాడు.

మార్గశిరం వచ్చింది. చలి ముదిరింది. కట్టెలు కొట్టుకునేవాడొకడు ఏడో నెలలో పుట్టిన ఆడబిడ్డను తలగుడ్డలో చుట్టి తెచ్చినాడు. తల్లి కాన్పులోనే పోయిందంట. బిడ్డ గుప్పెడంత. ఎవరు ముట్టుకున్నా ఉలిక్కిపడి ఊపిరి బిగబట్టేది, పెదాలు నీలమయ్యేవి. ఈరమ్మ చేతుల్లో తప్ప కుదురుగా ఉండేది కాదు. ఈరమ్మ కొండ దిగిపోతే ఆ బిడ్డ దక్కదని మఠంలో అందరికీ తెలుసు.

కోనప్ప చూసింది వేరే. పొద్దున్నించి ఈరమ్మ వంటింటికి పోతానే ఉంటుంది. చేతిలో గిన్నె ఉండదు, చెంబు ఉండదు. లోపల కాసేపుండి, రెండు చేతులూ కొంగు కింద దాచుకుని గబగబా తిరిగిపోతుంది. పలకరించినా నిలబడదు. ఆ రోజే బెల్లం కుండ ఎత్తి చూస్తే కోనప్పకు తేలిగ్గా తగిలింది. వంటాయన గంగన్నను కదిపి చూసినాడు. పాపం ఆయమ్మ ఏం చేస్తుంది, పొయ్యి ముందర కూర్చుని పోతుంది, అంతే కదా అన్నాడు గంగన్న. 'పాపం' అన్నాడంటే వీడికీ వాటా ఉందన్నమాట అనుకున్నాడు కోనప్ప.

మర్నాడు వంటింటి గోడ పక్కన కాపు కాసినాడు. ఆమె పోయిన ప్రతిసారీ గోడ మీద ఒక గీత గీసినాడు. పదకొండో గీత కాగానే వాకిట్లో అడ్డం నిలబడినాడు.

"కొంగు కింద ఏముందో తీసి చూపీ."

"ఇప్పుడు తీయనన్నా. తర్వాత చూపిస్తా" అని ఈరమ్మ పక్కనుంచి తప్పుకుని పోయింది. అడుగు కూడా ఆపలేదు.

ఏమీ లేని మనిషయితే అక్కడే చూపించి ఉండును కదా. కోనప్ప నేరుగా పోయి తాతను చెయ్యి పట్టుకుని తెచ్చి గోడ చూపించినాడు. ఈ పూటకే పదకొండు సార్లని చెప్పినాడు.

తాత గీతల మీద వేలు పెట్టినాడు. వేలికి నలుపు అంటింది.

"దేంతో గీసినావు?"

"బొగ్గుతో తాతా."

"కొట్టులో బొగ్గులు ఉన్నాయన్నమాట."

"గోతాలకు గోతాలు ఉన్నాయి" అన్నాడు కోనప్ప, మెప్పు కోసం. ఇరవై ఏళ్లలో ఏనాడూ నిండుకోనివ్వలేదు మరి.

తాత ఊఁ అన్నాడు. ఆ ఊఁ కోనప్పకు రుచించలేదు. తాతను కూడా ఈరమ్మ బుట్టలో వేసుకుందేమోనని ఒక్క క్షణం తోచింది. మొలతాడుకున్న తాళాల గుత్తి తీసి వాకిట్లో బండ మీద పెట్టినాడు.

"ఆమె ఉంటే నేనుండను. పొద్దుటికల్లా ఎవరు కొండ దిగాలో నువ్వే చెప్పు తాతా."

"ఆ బిడ్డో?" అన్నాడు తాత.

దొంగచేతిలో బతకాల్సిన రాత ఉంటే ఎవరేం చేస్తారని కోనప్ప గొణిగినాడు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తాత గుత్తి ముట్టుకోలేదు. అది తెల్లవార్లూ మంచులో అట్లే పడి ఉంది.

పొద్దున్నే కోనప్ప స్నానం చేసి, ఒంటి మీద పైగుడ్డ లేకుండా కూర్చుని విభూతి పెట్టుకుంటున్నాడు. తాత బండ మీది గుత్తి తీసుకుని వచ్చినాడు.

"నీ తాళాలు నీ దగ్గరే ఉండనీ నాయనా" అని వంగి, గుత్తిని కోనప్ప కడుపుకు ఆనించి మొలతాడులో దోపినాడు.

కోనప్ప కెవ్వుమని ఎగిరి పడినాడు. విభూతి పళ్లెం బోర్లా పడింది. ఊపిరి లోపలికి పోయింది, బయటికి రాలేదు. తాత అతని ముఖంలోకి చూస్తూ నిలబడినాడు.

"నీకెన్నేళ్లు కోనప్పా?"

"నలభై ఆరు తాతా" అన్నాడు పళ్లు కొట్టుకుంటుంటే.

"ఆ పిల్లకు తొమ్మిది రోజులు" అని తాత వెళ్లిపోయినాడు.

కోనప్ప కడుపు మీద చెయ్యి పెట్టుకుని అట్లే కూర్చున్నాడు. అప్పుడే ఈరమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతులు కొంగు కిందే. ఎప్పటిలాగే గబగబా ఉయ్యాలింట్లోకి పోయింది.

కోనప్ప లేచినాడు. నీళ్లతొట్టి దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. గడప బయటే నిలబడి చూసినాడు.

కొంగు కింద నుంచి రెండు చేతులూ వచ్చినాయి. వట్టి చేతులు. ఈరమ్మ వాటిని తన చెంపలకు ఆనించుకుని చూసుకుంది. తర్వాత మెల్లగా బిడ్డ వీపు కిందికి పోనిచ్చింది. బిడ్డ ఉలిక్కిపడలేదు. నిద్రలోనే నోరు చప్పరించింది.

"చూపిస్తానన్నా కదన్నా" అనింది ఈరమ్మ వెనక్కి తిరక్కుండానే. "చూసుకో."

కోనప్ప పోయి కొట్టు తెరిచినాడు. కుంపటి వెతికి, బూజు దులిపి, బొగ్గులు పోసి, నిప్పు వేసి, తనే మోసుకొచ్చి గడప పక్కన పెట్టినాడు.

ఈరమ్మ ఒక్కసారి వాసన పట్టింది.

"పొగ వస్తా ఉందన్నా. బిడ్డకు పడదు. తీసుకుపోయి, కణకణలాడినాక తే."

వాకిట్లో పదిమంది చూస్తున్నారు. గంగన్న చేటతో సహా వంటింటి గుమ్మంలోకి వచ్చినాడు. కోనప్ప అందరినీ ఒకసారి చూసినాడు. కుంపటి ఎత్తుకుని నడివాకిట్లోకి పోయి గొంతుకూర్చుని, గంగన్న చేతిలోని చేట అందుకుని, పొగ పోయేదాకా విసురుతూ ఉండిపోయినాడు.