ముళ్ళపంది పక్కన నడిచిన గజ్జెలు

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. నూకాలూ, నీ కాలికి ముల్లు గుచ్చుకుందిగా, నువ్వు కాలు చాపుకో. ఎవరూ ఏమీ అనరు. వెనకవాళ్ళకి వినపడుతోందా? సరే, వినండి.

తునికిమాను అడవిలో ఎలుగుబంట్లు, జింకలు, నక్కలు, ముళ్ళపందులు ఉండేవి. ఐదు కుక్కలు కూడా ఉండేవి. కొత్తవాళ్ళెవరొచ్చినా మొరిగి అందరికీ చెప్పడం వాటి పని.

ఆ ఐదింటిలో చిన్నది గజ్జెలు. చలికాలంలో బండ మీంచి జారిపడి దాని వెనక కాలు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ కాలు బిగుసుకుపోయింది. ఎవరైనా తగిలితే చాలు, కుయ్యోమనేది.

వైద్యుడు ఎలుగు తాత ఆ కాలు మెల్లిగా నొక్కి చూశాడు.

"రోజూ నడవాలమ్మా. వానలు పడితే వాగు పొంగుతుంది, మన చోటు మునుగుతుంది. అందరం వాగు దాటి గుట్టెక్కాలి. ఆలోపు నీ కాలు సాగకపోతే నువ్వు దాటలేవు" అన్నాడు.

ఆ అడవిలో కుక్కల్ని నడిపించే పని నక్కది. పొద్దున్నే ఐదు కుక్కల్నీ ఒకే తీగకి వరసగా కట్టి, తాను ముందు పరిగెత్తేది.

"చూశారా నా తెలివి! ఒక్క తీగ, ఐదు కుక్కలు. ఎండెక్కకముందే పని అయిపోతుంది" అని గొప్పలు పోయేది.

గజ్జెలు పది అడుగులకోసారి ఆగి నేల వాసన చూసేది. నక్క తీగ గుంజేది. పక్క కుక్క వచ్చి కాలికి తగిలేది.

"నక్క బావా, కాస్త మెల్లిగా!"

"నీ ఒక్కదాని కోసం అందర్నీ ఆపనా? ఇదేమన్నా పెళ్ళి ఊరేగింపనుకున్నావా?"

మూడో రోజు గజ్జెలు తీగలోంచి మెడ తప్పించుకుని, పొద వెనక కూర్చుని ఏడ్చింది. అక్కడ దుంపలు తవ్వుకుంటున్న ముళ్ళపంది తల ఎత్తింది.

"నాతో నడుస్తావా?"

"నీ ముళ్ళు గుచ్చుకోవూ, అత్తా?"

"జానెడు ఎడంగా నడువు. నీ నొప్పి కాలి వైపు నేనుంటాను. నా ముళ్ళు చూశాక అటు ఎవడొస్తాడు?"

గజ్జెలు ఏడుపు మానేసి నవ్వింది.

ఆ రోజు నుంచి ఇద్దరే నడిచేవాళ్ళు. మొదటి రోజు చింతచెట్టు దాకా. నెల తిరిగేసరికి వాగు దాకా. గజ్జెలు ఆగితే ముళ్ళపందీ ఆగేది. మనం పేపరు చదివినట్టు కుక్క వాసన చదువుతుంది, పిల్లలూ. చదివేవాళ్ళ చేతిలోంచి పేపరు లాక్కోకూడదు కదా! వాగులో ఏ రాయి గట్టిది, ఏది కదులుతుంది, ఒక్కొక్కటీ కాలు మోపి తెలుసుకుంది గజ్జెలు.

నక్క ఎదురుపడినప్పుడల్లా పకపకా నవ్వేది. "పొద్దంతా ఒక్క కుక్కా!"

"అవును బావా, ఒక్కటే" అని ముళ్ళపంది తన దారిన తాను పోయేది.

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. కుండపోతగా వాన పట్టుకుంది. వాగు పెరగడం మొదలైంది. ఎలుగు తాతా, మిగతా జంతువులూ అప్పటికే వాగు దాటి గుట్టెక్కేశాయి. నక్క అలవాటు ప్రకారం నాలుగు కుక్కల్నీ తీగకి కట్టి, ఆ తీగ కొస తన నడుముకి చుట్టుకుని నీళ్ళలో దిగింది. నడిమధ్యలో ఒక కుక్క భయపడి ఆగింది. ఒకటి ముందుకి గుంజింది. ఒకటి వెనక్కి తిరిగింది. తీగ చిక్కుపడి అందరూ ఒక్క మూటయ్యారు. నక్క బోర్లా పడింది.

"మునిగిపోతున్నాం! కాపాడండి!"

ఒడ్డున ఉన్న గజ్జెలు ముళ్ళపంది వైపు తిరిగింది.

"అత్తా, నా పక్కనుంటావా?"

"రోజూ ఉండే వైపే ఉంటాను. పద."

ఇద్దరూ దిగారు. గజ్జెలు గట్టి రాళ్ళ మీదే అడుగేసింది. ముళ్ళపంది పటపటా తీగ కొరికేసింది.

"ఒక్కొక్కరే నా వెనక రండి! ఆ నల్ల రాయి తొక్కకండి, కదులుతుంది!" అని మొరిగింది గజ్జెలు.

నాలుగు కుక్కలూ దాటాయి. నక్క మాత్రం తొందరపడి ముళ్ళపందిని తోసుకుని ముందుకి దూకింది. ఇంకేముంది! మూతి నిండా ముళ్ళు.

గుట్ట మీద గజ్జెలు చుట్టూ చేరి అందరూ గంతులేస్తుంటే, నక్క ఎలుగు తాత ముందు కూర్చుని మూలిగింది. "తాతా, అన్నీ ఒకేసారి పీకెయ్!"

"కుదరదురా. ఒక్కొక్కటే తియ్యాలి" అన్నాడు తాత.

నీతి: అందర్నీ ఒకే తాటికి కట్టి లాగితే ఎవరూ సాగరు. ఒక్కొక్కరి అడుగు చూసి నడిపించేవాళ్ళే ఒడ్డు చేరుస్తారు.

ఇక లేవండి, మీ అమ్మలు అన్నం పెట్టుకుని చూస్తుంటారు. వరాలూ, నువ్వు పరిగెత్తకు. నూకాలు పక్కన నడువు.