కాలు కింద పెట్టని ఏసోబు

ఏసోబుకి ఒకటే దిగులు. దేశాలన్నీ దాటడానికి సైకిలు సిద్ధమైంది, సంచులు సిద్ధమయ్యాయి, ఒళ్ళూ సిద్ధమైంది. విహారంలో ఉండే భంతే మాత్రం పోయిరమ్మని ఒక్క మాట అనడం లేదు.

ఆయన అనకపోతే ఏసోబు కదలడు. ఆ సంగతి పేటలో అందరికీ తెలుసు.

పోయే దారి చిన్నదేం కాదు. మన గుంటూరు సీమ నుంచి ఉత్తరానికి ఎగబాకి, మంచుకొండలు దాటి, ఎడారులు దాటి, ఆసియా అయిపోయి యూరప్ మొదలై, అదీ అయిపోయి, పోర్చుగల్లో నేల ఆగిపోయే చోటు దాకా. ఏసోబు ఇంట్లో గోడకి ప్రపంచపటం ఒకటి ఉంది. దాని మీద ఎర్రదారంతో దారి కుట్టుకున్నాడు. సాయంత్రాలు దాని ముందు కూచుని ఊళ్ళ పేర్లు పైకి చదువుకునేవాడు. సమర్కండ్. బుఖారా. తబ్రీజ్. అవి చదువుతుంటే కిటికీలోంచి వచ్చే గాలి కూడా మన ఊరి గాలిలా ఉండేది కాదు.

రోజూ తెల్లారగట్ల లేచి సూర్యలంక సముద్రం దాకా తొక్కి తిరిగొచ్చేవాడు. ఆ సాధనలో ఒక విశేషం ఉంది. మధ్యలో ఎక్కడా కాలు కింద పెట్టడు. నీళ్ళు తాగడం సీటు మీదే. అరటిపండు ఒలుచుకోవడం సీటు మీదే. వాన వస్తే కోటు తొడుక్కోవడమూ సీటు మీదే. రైల్వే గేటు పడితే లోకమంతా దిగి నిలబడుతుందా, ఇతను మాత్రం ముందుచక్రాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ, కొమ్మ చివర కొంగలాగా సైకిలు మీదే ఊగుతూ నిలిచేవాడు. గేటు ఎత్తేదాకా అంతే.

గేటు దగ్గర జామకాయలమ్మే సువార్తమ్మ అడిగేది. "ఒరేయ్ ఏసోబూ, నీ కింద ఎవరన్నా నిప్పులు పోశార్రా?"

ఏసోబు నవ్వేవాడు గానీ దిగేవాడు కాదు.

"రాత్రి పడుకోడానికన్నా దిగుతావా, సీటు మీదే దుప్పటి కప్పుకుంటావా?"

"బయల్దేరిన చోట ఎక్కుతా పిన్నీ, చేరాల్సిన చోట దిగుతా. మధ్యలో ఎవడొచ్చినా దిగను."

ఈ పంతం ఇవాళ్టిది కాదు. వాళ్ళ తాత ముత్తయ్య నాటిది.

ముత్తయ్య పేటలో మొట్టమొదట సైకిలు కొన్నవాడు. కొన్న రోజే వెనక కేరేజీ మీద స్నేహితుణ్ణి ఎక్కించుకుని పెద్దవీధిలోకి తిప్పాడు. ఆ వీధిలో పేటవాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచే రోజులవి. వీధి సగం కూడా దాటలేదు. ఆ వీధివాళ్ళు ఇద్దర్నీ చొక్కాలు పట్టుకుని కిందికి లాగారు. సైకిలుని ముత్తయ్య నెత్తిన పెట్టి వీధి చివరిదాకా మోయించారు. ఆ తర్వాత ముత్తయ్య సైకిలు ఎక్కలేదు. దాన్ని ఇంటి దూలానికి వేలాడగట్టి, చూసుకుంటూ బతికాడు.

వెనక కూచున్న స్నేహితుడు ఊరొదిలి ఎటో పోయాడు. ఏళ్ళు గడిచాక గుండుతో, కాషాయపు చీవరంతో, బౌద్ధ భిక్షువై తిరిగొచ్చాడు. కాలవగట్టు మీద చిన్న విహారం వేసుకున్నాడు. ఆయనే భంతే. ఏసోబు చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే కూచుని, ఆయన చెప్పింది విని పెరిగాడు.

ముత్తయ్యని పూడ్చిన రోజు ఏసోబు భంతే ముందే ఒట్టు పెట్టుకున్నాడు. "మా తాతని దింపారు. నన్ను దింపేవాడు లేడు. భూమి ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతాను భంతే. ఎవరి కోసమూ కాలు కింద పెట్టను."

భంతే ఆ రోజు అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఇప్పుడు వైశాఖ పున్నమి దగ్గరపడింది. ఏసోబు విహారానికి పోయాడు. భంతే వాకిలి ఊడుస్తున్నాడు.

"పున్నమికి బయల్దేరదామని భంతే. పోయిరమ్మనండి."

భంతే చీపురు ఆపలేదు. "రేపు నాకు కొల్లివాక దాకా పని ఉంది. మన విహారానికొచ్చే ఉపాసిక ఒకామె మంచాన పడింది, చూసి రావాలి. నీ సైకిలు వెనక నాకు చోటుందా?"

ఏసోబు మొహం వెలిగిపోయింది. "సంచులకన్నా మీరే తేలిక భంతే."

"మధ్యాహ్నం దాటితే అన్నం తినను కదా. ఆ మేరకు తేలికే."

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. భంతే కేరేజీ మీద ఒక పక్కకి కాళ్ళు వేలాడేసి కూచున్నాడు. ఒళ్ళో గొడుగు. కాలవలో నీళ్ళు మెల్లగా పోతున్నాయి.

ఊరు దాటగానే రోడ్డు మీద మొక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. సగం రోడ్డు దాటి ముందుకి పరుచుకున్నాయి. ఒకావిడ చెంగు నెత్తిన వేసుకుని కాలితో నెరుపుతోంది.

"ఒక్క క్షణం నాయనా" అన్నాడు భంతే. ఏసోబు నెమ్మదించాడు గానీ ఆగలేదు. భంతే జారి దిగి, చెప్పులు చేతపట్టుకుని, రోడ్డంచున గడ్డిలోంచి నడిచాడు. ఏసోబు గింజల మీంచే పోనిచ్చాడు. చక్రాల కింద కరకరమంది.

"ఏమయ్యో సైకిలాయనా!" అని అరిచింది ఆవిడ. "ఆ ముసలాయనకున్న ఇంగితం నీకు లేదా? దిగితే నీ కాళ్ళేమన్నా అరిగిపోతాయా?"

ఏసోబు వినిపించనట్టే పోయి, అవతల సైకిలు మీద ఊగుతూ నిలబడ్డాడు. భంతే వచ్చి మళ్ళీ ఎక్కాడు.

ఇంకొంత దూరం పోయాక బాతుల మంద అడ్డమొచ్చింది. రోడ్డు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తెల్లగా, బూడిదగా, గోల గోలగా పారుతోంది. భంతే దిగాడు. బాతులాయన పక్కన గొంతుక్కూచున్నాడు.

"ఎక్కణ్ణించి వస్తున్నారు?"

"నెల్లూరు అవతల నుంచి సామీ. కోతలు అయిన చోటల్లా దిగతాం. రాలిన గింజలు తిని ఇవి బతకతాయి, ఇవి పెట్టిన గుడ్లు అమ్మి మేం బతకతాం."

భంతే కుంటుతున్న ఒక బాతుని రెండు చేతుల్లోకి తీసుకుని దాని కాలు చూశాడు. వేళ్ళ మధ్య ముల్లు ఉంది. తీశాడు. ఏసోబు రోడ్డు మధ్య సైకిలు మీద ఊగుతూనే ఉన్నాడు. పిక్కలు వణుకుతున్నాయి. చెమట కళ్ళలోకి కారుతోంది.

బాతులాయన అటు చూసి గొంతు తగ్గించాడు. "ఆ అన్న ఎందుకట్టా ఊగతన్నాడు సామీ? ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉంది. ప్రపంచం చూడబోతున్నాడు."

"ఓహో" అన్నాడు బాతులాయన.

మంద దాటింది. భంతే ఎక్కాడు. కాసేపు తొక్కాక ఏసోబు ఉండబట్టలేకపోయాడు.

"ఊరికే దిగుతారేంటి భంతే? మిమ్మల్ని ఎవరన్నా దిగమన్నారా?"

"ఎవరూ అనలేదు."

"మరి?"

"అనలేదు కనకే దిగాను."

ఏసోబుకి అర్థం కాలేదు. వెనక నుంచి భంతే అడిగాడు. "నువ్వెందుకు దిగలేదు?"

"ఎందుకేంటి! మా తాతని దింపారు. మీరూ ఉన్నారుగా."

"ఉన్నాను" అన్నాడు భంతే. కొంచెం ఆగి, "అయితే ఆ దింపినవాళ్ళు ఇంకా నీ కాలు పట్టుకునే ఉన్నారన్నమాట" అన్నాడు.

ఏసోబు చెవులు వేడెక్కాయి. కొల్లివాక వచ్చేదాకా పెడళ్ళు ఇంకా గట్టిగా తొక్కాడు. భంతే ఆ ఉపాసిక మంచం పక్కన కూచుని ఆమె నుదుటి మీద చెయ్యి వేసి ఏదో నెమ్మదిగా చదువుతుంటే, గుమ్మం బయట నిలబడి అదే మాట నెమరేసుకున్నాడు. ఎంత నమిలినా మింగుడు పడలేదు.

తిరుగు ప్రయాణంలో అతనికి ఒక ఊహ తట్టింది. తట్టగానే ఒళ్ళు ఝల్లుమంది. భంతే ఇన్నేళ్ళూ ఒక్క మాట అనకపోవడం ఇందుకేనేమో! తాతతో ఆ రోజు సగంలో తెగిపోయిన సవారీ పూర్తి కావాలి. వెనక కూచున్న మనిషి అప్పుడూ ఈయనే, ఇప్పుడూ ఈయనే.

"భంతే, పెద్దవీధి మీంచి పోదాం. తాత మిమ్మల్ని అవతలికి దాటించలేకపోయాడు. నేను దాటిస్తా. మీ కాలు నేల తగలకుండా."

భంతే ఏమీ అనలేదు. ఏసోబు దాన్ని సరేనన్నట్టే తీసుకున్నాడు.

పెద్దవీధిలో ఎండ వాలుతోంది. ఇప్పుడక్కడ పేటవాళ్ళ ఆటోలూ మోటారు సైకిళ్ళూ రోజూ తిరుగుతూనే ఉంటాయి. అడిగేవాడు లేడు. సగం ఇళ్ళకి తాళాలు. అరుగులు ఖాళీ. ఎవరో ఒకరు చూస్తే బాగుండునని ఏసోబుకి లోపల ఉంది. గంట గట్టిగా మోగించాడు. ఒక కుక్క తల ఎత్తి మళ్ళీ దించుకుంది.

నడుము నిటారుగా పెట్టి తొక్కుతున్నాడు. వీధి సగం అయింది. తాతని దింపిన చోటు ఎక్కడో అతనికి తెలియదు. వెనక ఉన్నాయనకి తెలుసు. ఆయన ఊపిరి కూడా వినిపించడం లేదు.

ఎదర నుంచి కేక వినపడింది.

"తప్పుకోండి! తప్పుకోండి! నాకు దిగడం రాదు!"

ఎనిమిదేళ్ళ పిల్ల. తన కన్నా పొడుగు సైకిలు. అరుగు మీంచి ఎక్కేసినట్టుంది, పాదాల కొసలు పెడళ్ళకి అందీ అందకుండా తొక్కుతోంది. ఎదర, వీధి అవతలి కొసన లారీలు తిరిగే రోడ్డు. అందుకని వీధిలోనే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతోంది. ఎంతసేపటి నుంచో ఏమో, మొహం కందగడ్డలా అయింది. ఏడుపు గొంతులో ఉంది.

కేరేజీ తేలికైంది. భంతే దిగాడు.

"భంతే! ఇక్కడొద్దు భంతే! ఇంకొంచెమే ఉంది!"

భంతే అప్పటికే వీధి నడిమధ్యలో రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. పిల్ల ఆయన్ని తప్పించుకుని "తాతా, తప్పుకో తాతా!" అంటూ దూసుకుపోయింది. వెనక, వీధి ఇవతలి కొసన వంకర్లు తిరిగి మళ్ళీ ఇటే వస్తోంది. భంతే ఆమె వెనక నాలుగడుగులు పరిగెత్తబోయి ఆయాసంతో ఆగిపోయాడు.

ఏసోబు సైకిలు మీద ఊగుతూ అరిచాడు. "బ్రేకు పట్టు పాపా!"

"బ్రేకుల్లేవు!"

"తొక్కడం ఆపు!"

"ఆపితే పడిపోతా!"

సైకిలు ఆమె పక్కకి పోనిచ్చి, సీటు మీంచే వంగి హ్యాండిల్ అందుకోబోయాడు. రెండు సైకిళ్ళూ ఒకదాన్నొకటి రాసుకున్నాయి. పిల్ల కెవ్వుమంది. ఏసోబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె లారీల రోడ్డు వైపు సాగిపోయింది. ఈసారి హ్యాండిల్ తిప్పే ఓపిక ఆ చేతుల్లో కనిపించలేదు.

తర్వాత ఏమైందో ఏసోబుకి సరిగ్గా గుర్తులేదు. వెనక దభీమని సైకిలు పడ్డ చప్పుడు విన్నాడు. అది తనదేనని కూడా తట్టలేదు. పరిగెత్తుతున్నాడు. ఒక చెప్పు ఎటో ఎగిరిపోయింది, రెండోదాన్ని తనే విదిలించుకున్నాడు. వీధి అవతలి కొసన పిల్ల సైకిలు కేరేజీ చేతికి చిక్కింది. రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి వెనక్కి లాగాడు. పిల్ల వచ్చి అతని భుజం మీద పడింది.

కాసేపు వెక్కింది. తర్వాత గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది.

"మళ్ళీ ఎక్కించు."

"ఏంటీ?"

"ఎక్కించు అన్నా. ఈసారి దిగడం నేర్పు."

ఏసోబు అటూ ఇటూ చూశాడు. తర్వాత ఎక్కించాడు. కేరేజీ పట్టుకుని వెనకే పరిగెత్తాడు. "వేగం తగ్గించు. ఎడమ కాలు పెడలు మీదే ఉంచు. సీటు మీంచి లే. కుడికాలు వెనక నుంచి ఇటు తిప్పు. ఆఁ, భయపడకు, నేను పట్టుకున్నా. ఇప్పుడు కాలు కింద పెట్టు. పెట్టు. ఏం కాదు."

ఒకసారి పడబోయింది. ఇంకోసారి అతని పాదం తొక్కింది. వీధి ఆ చివరికీ ఈ చివరికీ ఏసోబు వట్టి కాళ్ళతో పరిగెడుతూనే ఉన్నాడు. ఎండ పూర్తిగా వాలి, దుమ్ము బంగారం రంగులో లేచింది. ఎప్పుడు వదిలేశాడో అతనికే తెలియదు, చేతిలో కేరేజీ లేదు. పిల్ల ఒంటరిగా ముందుకి పోయి, నెమ్మదించి, కాలు తిప్పి, నేల మీద ఆనించింది.

"దిగా!" అని గంతేసింది. "నేనే దిగా!"

ఏసోబు నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. తల వంచి చూసుకున్నాడు. మోకాళ్ళ దాకా పెద్దవీధి దుమ్ము.

వెనక్కి తిరిగాడు. భంతే అతని సైకిలుని లేపి స్టాండు వేసి, పక్కకి తిరిగిన హ్యాండిల్ సరిచేస్తున్నాడు. చెప్పులు రెండూ వెతికి తెచ్చి చక్రం పక్కన పెట్టాడు. ఏసోబు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"భంతే, ఆ రోజు... ఎక్కడ?"

"ఇంకొంచెం ముందు. ఆ కరెంటు స్తంభం దగ్గర. అప్పుడు స్తంభం లేదు."

ఇద్దరూ అటు చూశారు. స్తంభం మీద ఒక కాకి ఉంది.

భంతే గొడుగు చంకన పెట్టుకున్నాడు. "నేను నడిచి వస్తాలే. నువ్వు పోయిరా నాయనా" అన్నాడు.

ఏసోబు చెప్పులు తొడుక్కున్నాడు. స్టాండు తీశాడు. సైకిలు ఎక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని, ఆయన అడుగులో అడుగు కలిపి, వీధి చివరిదాకా నడిచాడు.