రాజుగారి తలుపులు, ఆదెమ్మ మూట

అనగనగా గోదారి నడుమ ఒక లంక. ఆ లంకకి రోడ్డూ లేదు, వంతెనా లేదు. ఉన్నదల్లా పోలయ్య పడవ ఒక్కటే. మనుషులు దాటినా అందులోనే, మూటలు దాటినా అందులోనే. ఊఁ కొట్టు నాన్నా, నువ్వు ఊఁ కొడితేనే పడవ కదుల్తుంది.

ఆ పడవకో కట్టుబాటు ఉంది. అందులో బల్లలుండవు, సరుకు మీదే కూర్చోవాలి. ఎవరి మూట మీద వాళ్ళు కూర్చోకూడదు, ఇంకొకరి మూట మీదే కూర్చోవాలి. కూర్చునే ముందు "నా పూచీ" అనాలి. అంటే ఒడ్డు చేరేదాకా ఆ మూటకి వాళ్ళే కాపలా అన్నమాట.

ఆ లంకలో ఆదెమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, ఇద్దరు పసివాళ్ళు. ఆ ఏడు వరదొచ్చి చేనంతా ఊడ్చుకుపోయింది. అప్పుడు ఆదెమ్మ పుట్టింటికి వెళ్ళి, అన్న కాళ్ళావేళ్ళా పడి, ఒక మూట జొన్న విత్తనాలు తెచ్చుకుంది. అవి మొలిస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

మూటతో అవతలి రేవుకి వచ్చేసరికి అక్కడ రామభద్రరాజు గారున్నారు. లంకలో ఆయన కొత్త మేడ కడుతున్నారు. దానికోసం నగిషీలు చెక్కిన జోడు టేకు తలుపులు పడవలోకి ఎక్కించారు.

"ఈ మూటల మధ్య ఇరుక్కోవాలేంటోయ్? మనుషులకో పడవ, సరుకుకో పడవ పెట్టకూడదూ?" అని విసుక్కున్నారు.

"మనుషుల్లేని సరుక్కి దిక్కెవరు బాబూ? సరుకు లేని పడవకి నిలకడేది?" అన్నాడు పోలయ్య.

రాజుగారు గొణుక్కుంటూనే ఆదెమ్మ మూట మీద కూర్చుని "నా పూచీ" అన్నారు. ఆదెమ్మ ఆయన తలుపుల మీద ఒదిగి కూర్చుని "నా పూచీ" అంది.

నడి గోదారిలో గాలి లేచింది. పడవలోకి నీళ్ళొచ్చాయి. అప్పుడు పడవలోని మిగతావాళ్ళు, ఎవరి సరుకుకి వాళ్ళే సరేనని, కొబ్బరికాయల బస్తాలు నీళ్ళలోకి తోసేశారు. అయినా నీళ్ళు ఆగలేదు. ఆ తర్వాత అరటి గెలలు తోసేశారు. అయినా ఆగలేదు. ఇక మిగిలినవి ఆదెమ్మ మూట, రాజుగారి తలుపులు.

"మూట తోసెయ్యండి! రాజుగారూ, లేవండి!" అని అందరూ అరిచారు. పెద్దవాళ్ళ తలుపులు తొయ్యమని ఎవరంటారు చెప్పు!

"విత్తనాలు బాబూ అవి" అంది ఆదెమ్మ. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. అయినా ఆ రెండు చేతులూ ఆయన తలుపులు జారిపోకుండా అదిమి పట్టుకునే ఉన్నాయి.

రాజుగారు ఆ చేతుల వంక చూశారు. ఆయన లేవలేదు.

"నువ్వు లే తల్లీ, తలుపులు తోసేద్దాం" అన్నారు.

"నేనెలా లేస్తాను బాబూ, నా పూచీ అన్నాను కదా!"

చూశావా పిచ్చితల్లిని! పిల్లల ప్రాణాలు ఆ మూటలో ఉన్నాయి, అయినా ఇచ్చిన మాట మీంచి లేవనంటుంది.

"అవి నా తలుపులు. నీ పూచీ నేనే దింపుతున్నాను, లే" అన్నారు రాజుగారు. అప్పుడు ఆదెమ్మ లేచింది. తలుపులు నీళ్ళలో పడ్డాయి, పడవ పైకి తేలింది. ఒడ్డు చేరేదాకా రాజుగారు మూట మీంచి కదల్లేదు.

ఆ తర్వాత జొన్న మొలిచింది, ఎదిగింది, కంకి వేసింది. తలుపులు మాత్రం సముద్రం పాలయ్యాయి. రాజుగారి మేడ గుమ్మానికి వెదురు తడికే దిక్కయింది. తొలి కంకులు కోసి, కుచ్చు కట్టి, ఆదెమ్మ ఆ గుమ్మానికి వేలాడదీసి వచ్చింది.

మర్నాడు రాజుగారు ఆ కంకులు చూసుకుని రేవుకొచ్చారు. పడవ ఎక్కి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "పోలయ్యా, ఇవాళ నన్ను ఎవరి మూట మీద కూర్చోమంటావు?" అని అడిగారు.

మూట ఒడ్డుకి, విత్తు చేనుకి,
కథ కంచికి, మన కన్ను నిద్దరకి.