బెదరని పండు

చంద్రశిల రాజ్యాన్ని ఏలే మల్లభూపతికి ఒక ఎండాకాలం ఉన్నట్టుండి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. రాజుకి ప్రేమ పుడితే ఎవరో ఒకరికి పని పెరగాలి. ఈసారి అది వంటశాలలో రసాలు తీసే నాంచారమ్మకి పెరిగింది.

"ఇవాళ్టి నుంచి మాకు స్వచ్ఛమైన పళ్లరసం తప్ప ఇంకేదీ వద్దు! బెల్లం కలపకూడదు. నీళ్లు కలపకూడదు. పండులో ఏముందో అదే!" అని నిండు సభలో చాటించాడు.

నాంచారమ్మ సంబరపడింది. పాతికేళ్లుగా ఆవిడ మొత్తుకుంటున్నదీ అదే. దానిమ్మకాయలు కోసి, గింజలు ఒలిచి, రోలు జోలికి పోకుండా మునివేళ్లతో నలిపి, పల్చటి నూలుగుడ్డలో పిండింది. లోపలి పలుకు చితికితే వగరొస్తుందని ఆవిడ భయం. వెండి లోటా నిండా ఎర్రటి రసం తెచ్చి రాజు ముందు పెట్టింది.

రాజు లోటా ఎత్తాడో లేదో, "ఆగండి మహాప్రభూ!" అని కేక వినబడింది.

కేక వేసింది ఆస్థాన వైద్యుడు త్రివిక్రమశాస్త్రి. నాంచారమ్మ రసాల ధర్మమా అని కోటలో ఎవరికీ అజీర్తి లేదు. దాంతో శాస్త్రిగారి కషాయం అడిగే దిక్కు లేక కుండల్లోనే పులిసిపోతోంది. అదీ ఆయన కడుపుమంట.

శాస్త్రి పళ్లెంలో మిగిలిన దానిమ్మ చెక్క అందుకుని, మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"నాడి అదురుతోంది ప్రభూ. కత్తిని చూసి ఈ పండు బెదిరిపోయింది. బెదిరిన పండు రసం తాగితే, తాగినవాళ్లకీ ఆ బెదురే పట్టుకుంటుంది."

రాజు మొహం పాలిపోయింది. నిన్న బల్లి మీద పడితే ఆయన మంచమెక్కి అరిచిన అరుపు కోట గుమ్మందాకా వినబడింది. దానికి గంట ముందు తాగింది బత్తాయి రసం!

"అదా సంగతి!" అని లోటా పక్కకి నెట్టేశాడు.

మర్నాడు నాంచారమ్మ దోసకాయకి కత్తి కనబడకుండా గుడ్డ చుట్టి మరీ కోసింది. ఏమీ కలపకుండా రసం తీసింది. శాస్త్రి దోసకాయ ముక్క నాడి చూసి పెదవి విరిచాడు.

"చూడలేదు గానీ, చప్పుడు వినేసింది."

మూడోనాడు పుచ్చకాయ పక్కన ఇద్దరు నాదస్వరం వాళ్లని కూర్చోబెట్టి వాయించమంది. వాళ్ల మోతకి వంటశాల పిల్లి పారిపోయింది గానీ, శాస్త్రి మనసు మాత్రం కరగలేదు.

"తీగ నుంచి తెంపినప్పుడే దీని గుండె జారిపోయింది ప్రభూ. అసలు తెంపినట్టు పండుకే తెలియకూడదు. శుద్ధమైన రసమంటే అదీ!"

మూడు రోజులుగా రసం లేక రాజు నోరు పిడచకట్టుకుపోయి ఉంది. ఆ చిరాకంతా నాంచారమ్మ మీదే చూపించాడు.

"విన్నావుగా? రేపు పొద్దెక్కేలోగా అలాంటి రసం ఇయ్యాలి. లేదంటే వంటశాల శాస్త్రిగారి బావమరిది చూసుకుంటాడు. మేం కషాయమే తాగుతాం."

నాంచారమ్మకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. పాతికేళ్ల చాకిరీ ఒక పుచ్చకాయ గుండె జారినందుకు పోవాలా? ఆ మంటతోనే పనివాళ్ల పప్పులోకి మామిడికాయలు కోద్దామని తోటకి వెళ్లింది. కాపు బరువుకి కిందికి వంగిన కొమ్మ ఒకటి ఆవిడ తలకి తగిలింది. నిండా చిన్నరసాలు. ఒక పండుని బొటనవేలితో నొక్కి చూసింది. మెత్తగా ఉంది, లోపల రసం కదిలింది.

నాంచారమ్మ అక్కడే నిలబడి ఒక్కతే పకపకా నవ్వుకుంది.

మర్నాడు ఉత్త చేతులతో సభకి వచ్చింది.

"రసం ఏదీ?" అన్నాడు రాజు.

"సిద్ధంగా ఉంది ప్రభూ. కానీ అది ఇక్కడికి రాదు. మనమే వెళ్లాలి. చప్పుడు చెయ్యకుండా."

సభంతా మునివేళ్ల మీద తోటకి బయల్దేరింది. సేనాపతి కత్తి గలగలలాడకుండా దాన్ని చంటిపిల్లలా చంకనెత్తుకున్నాడు. మంత్రిగారికి తుమ్ము రాబోతే ఇద్దరు భటులు ఆయన ముక్కు పట్టుకున్నారు.

కొమ్మ కింద పీట వేసి నాంచారమ్మ గుసగుసగా చెప్పింది.

"తెంపకండి ప్రభూ. కొమ్మకి ఉండగానే రెండు చేతులా మెల్లగా పిసకండి. ఆఁ, అంతే. ఇప్పుడు అడుగున చిన్న చిల్లు కొరకండి. సొన తొడిమ దగ్గరే ఉంటుంది, కింద భయం లేదు. ఇక జుర్రుకోండి."

రాజు మెడ వెనక్కి వాల్చి జుర్రాడు. రసం మీసాల మీదుగా గడ్డానికి, గడ్డం మీదుగా మోచేతికి కారింది. పండు ఖాళీ సంచిలా కొమ్మకి వేలాడింది. రాజు నోరు తుడుచుకోకుండానే రెండోది పట్టుకున్నాడు.

"ప్రభూ, ఆ పండు..." అంటూ శాస్త్రి ముందుకి దూకాడు.

"తెంపినట్టు తెలియకూడదన్నారు. తెంపనేలేదు శాస్త్రిగారూ, ఇక దానికెలా తెలుస్తుంది?" అంది నాంచారమ్మ.

"తెంపకపోతే ఏం, కొరికారు కదా! కొరికితే బెదరదూ?"

నాంచారమ్మ తాపీగా చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"రోజూ చిలకలు కొరుకుతూనే ఉన్నాయి, దానికి అలవాటే. ఇవాళ కాస్త పెద్ద చిలక వచ్చిందనుకుంటుంది."

రాజుని పట్టుకుని చిలక అంటుందా! భటులు భయంతో మంత్రిగారి ముక్కు వదిలేశారు. తుమ్ముకి తోటంతా దద్దరిల్లింది.

ఆ తుమ్ముకి రాజు బెదరలేదు. పసుపుపచ్చ మీసాలతో, నోటినిండా మామిడిరసంతో, పొట్ట పట్టుకుని పీట మీంచి దొర్లేదాకా నవ్వాడు. రాజు నవ్వాక సభ ఊరుకుంటుందా!

జిగురు వేళ్లతోనే మెడలో ముత్యాలదండ తీసి నాంచారమ్మ చేతిలో పెట్టి, "ఈ తోటంతా నీదే," అన్నాడు. తరవాత వైద్యుడి వైపు తిరిగాడు.

"శాస్త్రిగారూ, ఈ వేసవంతా మీరు ఇక్కడే ఉండండి. ఉడత వచ్చినప్పుడల్లా పళ్లకి కాస్త ధైర్యం చెబుదురుగాని!"